పెద్దవయసున పాట నేర్చినవారి చరిత్ర

"మొక్కై వంగనిది మానై వంగునా" యను సామెత మన పల్లెలలో బడి మొగము చూడనివారికి గూడ నోటికి వచ్చును. పిల్లవానిని బడికి పంపుటకు ఇది మంచి మాటయే. కాని ఏబదియేండ్లవాడొకడు "నాకును రెండు పాటలు నేర్పింపుడు" అని యడిగినపుడు ఆ సామెతనే యెత్తి వాని నోరు మూయించుట కద్దు. గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్ర విషయ మొకటి వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు కోరినపుడు నాకు మొదట తోచినది ఈ సామెతయే. రాజుల చరిత్రలును, యుద్ధముల చరిత్రలును మన బీరువాలలో కావలసినన్ని యున్నవి. వయసు మీఱిన పిదప గొంతు విప్పి పాడ నేర్చిన సామాన్యుల చరిత్ర మాత్రము ఏ బీరువాలోను ఒక్కచోట కుదురుగా దొరకదు. అక్కడక్కడ చదివి యేర్చి కూర్చినదానిని పాఠకులకు మనవి చేయుచున్నాను.

ఈ విషయమున నాకు కొంత స్వార్థము గూడ కలదని ముందే ఒప్పుకొనుట న్యాయము. నేను ఐదవ తరగతి చదువు కాలమున, తనిఖీ అధికారి రానున్న దినమున, ప్రార్థన గీతమునకు మమ్ములను వరుసగా నిలిపిన ఉపాధ్యాయు లొకరు నా యొద్దకు వచ్చి చెవి యొగ్గి విని, "నీవు పెదవులు కదుపుము, చాలును, గొంతెత్తకుము" అనిరి. ఆయన చెడ్డవారు కారు. నాటి కంగారున అన్నమాట యది. అయినను ఆ మాట నాతో నలువదియేండ్లు నడచినది. ధనుర్మాసమున రామాలయపు భజనకు పోవుదును, తాళము వేయుదును, పెదవులు కదుపుదును. నా ప్రక్కనే మఱి ముగ్గురు నలుగురు అట్లే పెదవులు మాత్రము కదుపువారున్నారని తెలిసికొనుటకు నాకు చాల కాలము పట్టినది.

శిశువును, పశువును, పామును గూడ గానరసము నెఱుగునని పెద్దల మాట. కాని యది వినుటను గూర్చిన మాట. పాడుటను గూర్చి లోకము అంత ఉదారముగా నుండలేదు. పాట పుట్టుకతో రావలెననియో, ఏడవయేట గురువు చేతిలో పడవలెననియో, ఆ రెండును తప్పినవాడు శ్రోతగా మిగులవలసినదే యనియో చాల దేశములలో తలచిరి. ఈ తలంపును ఎవరెవరు ఎట్లు సడలించిరో చూతము.

అందఱికంటె ముందు మనకు గ్రీసుదేశపు సోక్రటీసు కనబడును. క్రీస్తునకు పూర్వము 5వ శతాబ్దిలో ఏథెన్సు నగరమున నుండిన ఈ తత్త్వవేత్త, పెద్దవయసున కొన్నసు అను వైణికుని యొద్దకు పోయి, బాలుర నడుమ కూర్చుండి తంత్రీవాద్యము నభ్యసించెనట. ఆ దేశమున వాద్యమును పాటయు జంటగా నేర్చుకొనెడివారు. ఈ సంగతిని ఆయన శిష్యుడు ప్లేటో 'యూథిడెమసు' అను సంవాద గ్రంథమున సోక్రటీసు నోటనే చెప్పించినాడు. బాలురు ఆయనను జూచి నవ్వెడివారు. అంతటితో ఊరకుండక గురువునకు "ముసలివారి పంతులు" అని పేరు పెట్టిరి. నలుగురు నవ్వుచున్నారని సోక్రటీసు మానలేదు గాని, తన మూలమున పంతులుగారికి మాట వచ్చుచున్నదని మాత్రము నొచ్చుకొనెను. ఇందులో నాకు మిక్కిలి నచ్చినది వేఱొకటి. ఆయన ఒంటరిగా పోలేదు. మఱికొందఱు వృద్ధులను గూడ ఒప్పించి తనతో సహపాఠులుగా చేర్చెను. రెండువేల నాలుగువందల యేండ్ల నాడే వయోజనుల సంగీత తరగతి యొకటి యుండెనని దీనినిబట్టి చెప్పుకొనవచ్చును. నవ్వు గూడ అంత పాతదే.

అటనుండి మనము చాల కాలము దాటి, అమెరికాఖండపు ఈశాన్య తీరమున ఇంగ్లీషువారు వలసపోయి కట్టుకొన్న పల్లెలకు రావలెను. ఆ పల్లెల ప్రార్థనాలయములందు ఒక పెద్ద ముందుగా ఒక చరణము నందించును. సభ దానిని వెంట పాడును. మన భజనగోష్ఠి యెఱిగినవారికి వేఱుగా వివరింప నక్కఱలేదు. కాలము గడచిన కొలది ఒక్కొక్కరు ఒక్కొక్క తీరున లాగి లాగి పాడుటచే, ఏ పాట యేదియో తెలియని స్థితి యేర్పడెను. దీనిని చక్కదిద్దుటకై 1721లో జాన్ టఫ్ట్సు, థామసు వాల్టరు అను ఇద్దఱు మతగురువులు స్వరములను గుర్తుపట్టి పాడుట నేర్పు చిన్న పుస్తకములను వేర్వేఱుగా ప్రకటించిరి. ఆ వెనుక శీతకాలపు రాత్రులందు, పగలంతయు పొలము పనులు చేసికొన్న వారికి, ఊరూర తిరుగు పంతుళ్లు కొన్ని వారములు పాట చెప్పు పద్ధతి వచ్చెను. దీనికి వచ్చిన ఆక్షేపణలను ఆ కాలపు మతగురు వొకరు వరుసగా వ్రాసిపెట్టిరి. పాత పద్ధతియే చాలునని కొందఱు; ఇది డబ్బు గుంజు ఉపాయమని కొందఱు; స్వరముల పేర్లు దైవదూషణమని కొందఱు; పడుచువారు రాత్రులు ఇల్లు విడిచి తిరుగుటకు ఇది సాకు అని మఱికొందఱు. మన గ్రామమున రాత్రిబడి పెట్టిననాడు విన్న మాటలకును వీనికిని పోలిక యున్నదో లేదో పెద్దలే చెప్పవలెను.

ఇక మన కథకు గుండెకాయవంటిది 1841వ సంవత్సరపు ఇంగ్లండు. యంత్రశాలలు పెరిగి, పల్లెల జనము పట్టణములకు చేరి, సాయంకాలము సారాయి దుకాణము తప్ప వేఱు కాలక్షేపము లేని దినములవి. కార్మికులకు చదువును, గ్రంథాలయములను, ఉపన్యాసములను ఏర్పఱచు సంఘములు అప్పటికే వెలసియుండెను. పాటను గూడ వాని సరసన చేర్పవలెనని కొందఱు తలచిరి. అందు కొందఱి యుద్దేశము కార్మికుని సంతోషము; మఱికొందఱి యుద్దేశము కార్మికుని అదుపు. రెండును కలసి పనిచేసినవనియే నాకు తోచుచున్నది.

ఆ యేడు ఫిబ్రవరి నెలలో జాన్ హల్లా అను సంగీత విద్వాంసుడు లండను నగరమున ఎక్సెటరు హాలు అను పెద్ద సభాభవనములో ఉపాధ్యాయులకు గాన తరగతి ప్రారంభించెను. దీనికి ప్రభుత్వ విద్యాశాఖాధికారి యైన కే షటిల్‌వర్తు తోడ్పాటు కలదు. ఆ సంవత్సరముననే జర్మను దేశీయుడగు జోసెఫ్ మైంజరు కూడ లండనులో తరగతులు పెట్టెను. అతడు అంతకుముందు పారిసులో కార్మికులకు ఉచితముగా పాట నేర్పుచుండగా, వందలకొలది కూలివారు రాత్రివేళ ఒకచోట చేరుట క్షేమము కాదని ప్రభుత్వము అనుమానించెను. అందువలన అతడు ఆ దేశము విడువవలసి వచ్చెను. పాట నేర్చుకొనుటకు గూడినవారిని చూచి ప్రభుత్వములు బెదరిన సందర్భములు చరిత్రలో తఱచుగా లేవు గాని యిది యొకటి.

హల్లా తరగతులకు జనము విరగబడి వచ్చిరి. అయితే వచ్చినవారిలో చాలమంది కడవఱకు నిలువలేదు. ఏలయనగా ఆయన పారిసు నగరమున విల్హెము అను పండితుడు నడపిన పద్ధతిని తెచ్చెను. అందులో స్వరముల పేర్లు కదలవు. దీనిని మన హార్మోనియముపై పెట్టి చెప్పెదను. ఒకటి శ్రుతి మెట్టును 'స' యని మేకు కొట్టి బిగించితిమనుకొనుడు. పాట నాలుగు శ్రుతిలో పాడవలసి వచ్చినను ఆ నాలుగవ మెట్టును 'స' యనరాదు. అది 'మ' యే కావలెను. షడ్జమము వినబడుచున్నచోట మధ్యమమని పలుకవలసినవాని యవస్థ ఏమని చెప్పుదును! శ్రుతి మారనంత కాలము పాఠము సుఖముగా సాగెను. శ్రుతి మారిన దినమున క్రొత్తవారు దారి తప్పిరి. చిన్నతనముననే చెవి కుదిరినవానికి ఇది యొక యడ్డు కాదు. పెద్దవయసున వచ్చినవానికి ఇది గోడ.

అదే 1841లో, ఇంగ్లండు ఉత్తరభాగమున హల్ అను రేవుపట్టణములో ఆదివారపు బడుల ఉపాధ్యాయుల సభ జరిగెను. పిల్లలచేతను సభలచేతను చక్కగా పాడించుటకు సులభోపాయము వెదకి తెమ్మని ఆ సభవారు ఒక యువక మతగురువునకు పని యప్పగించిరి. ఆయన పేరు జాన్ కర్వెను, 1816లో జన్మించెను, అప్పటికి ఇరువదియైదేండ్లవాడైన లేడు. ఇందులోని విశేషమేమనగా, ఆయనకు పాట రాదు. సంగీతజ్ఞుల కుటుంబమున పుట్టలేదు; స్వరలిపి చూచి పాడుటకు పలుమారు ప్రయత్నించి విసిగినవాడు. ఈత రానివానిని ఈత నేర్పు మార్గము కనుగొని రమ్మన్నట్లున్నది. సభవారు తెలిసియే చేసిరో తెలియకయే చేసిరో గాని, అంతకంటె తగినవానిని ఎంచుకొనజాలరు. ఈత రానివానికే నీటిలో ఎచట కాలు జారునో తెలియును.

ఆయనకు దారి చూపినది ఒక స్త్రీ. నార్విచి నగరమున సారా గ్లోవరు అను నామె, ఒక మతగురువు కుమార్తె, పేదపిల్లలకు పాట నేర్పుచు తనదైన పద్ధతి నొకదానిని కల్పించెను. గోడపై నిచ్చెనవలె స్వరాక్షరములను క్రిందినుండి మీదికి వ్రాసి వ్రేలాడదీయును. బెత్తముతో ఏ మెట్టు చూపిన పిల్లలు ఆ స్వరము పాడవలెను. ఆ నిచ్చెన ఏ శ్రుతిపైనైన నిలుచును. క్రింది మెట్టు ఎప్పుడును 'డో' యే. స్వరముల మొదటి యక్షరములు ఒకదానితో నొకటి కలియకుండుటకై ఏడవ స్వరమగు 'సీ'ని 'టీ'గా మార్చినదియు ఆమెయే. తన పద్ధతిని 1835లో పుస్తకముగా ప్రకటించెను. ఆ పుస్తకము కర్వెను చేతికి వచ్చెను. పాట రాని ఆ యువకుడు దానితో కుస్తీపట్టి, ఇంచుమించు రెండు వారములలో, ఎవరి సాయమును లేక ఒక స్తోత్రపు వరుసను తానే చూచి పాడగలిగెను. అన్నియేండ్లు లొంగనిది రెండు వారములలో లొంగినపుడు ఆ మనిషికి కలిగిన భావమెట్టిదో పాఠకులు ఊహింపవచ్చును. లోపము తన గొంతులో లేదు, తనకు చెప్పిన మార్గములో కలదని ఆయనకు తెలిసెను. ఆ తెలివితోనే తక్కిన జీవితమంతయు గడపెను.

కర్వెను గ్లోవరు పద్ధతిని కొన్ని చోట్ల మార్చెను. ఆ మార్పులు ఆమెకు అన్నియు రుచింపలేదు. ఆమె పేరును ఆయన దాచలేదు గాని లోకము మాత్రము ఆయన పేరునే ఎక్కువగా జ్ఞాపకముంచుకొన్నది. ఇట్టి యన్యాయము విద్యాచరిత్రలో క్రొత్త కాదు. 1843లో తన మొదటి పుస్తకమును ప్రకటించి, 1853లో ఈ పద్ధతి నభ్యసించువారికి ఒక సంఘము నేర్పఱచి, 1864లో మతగురువు పదవిని గూడ విడిచి, 1880లో మరణించువఱకు ఇదే పనిలో నుండెను. ఆయన సూత్రములు మిక్కిలి సామాన్యమైనవి. సులభమైనది ముందు, కఠినమైనది వెనుక. ఒకసారికి ఒక్క క్రొత్త విషయమే. వినబడు నాదము ముందు, దాని గుర్తు వెనుక. మన ముఖపాఠ సంప్రదాయము నెఱిగినవారికి కడపటిది ఆశ్చర్యము గొలుపదు.

అంతకంటె గొప్పది మఱొకటి. ప్రతి స్వరమునకును శ్రుతితోడి సంబంధమునుబట్టి ఒక స్వభావమున్నదని ఆయన బోధించెను. ఒకటి స్థిరముగా కూర్చున్నట్లుండును, ఒకటి కొమ్ము ఊదినట్లుండును, ఒకటి దుఃఖించునట్లుండును, టీ యనునది పై మెట్టు ఎక్కవలెనని తొందరపడుచుండును. శిష్యుడు స్వరమును ఎత్తునుబట్టి గాక దాని గుణమునుబట్టి గుర్తించును. ముక్కు కొలిచి మనిషిని పోల్చుకొనము గదా! మొగము చూచిన చాలును. పెద్దవారికి ఇది మిక్కిలి సహాయపడినది. వారి చెవి పిల్లల చెవివలె చుఱుకుగా నుండకపోవచ్చును గాని, గుణములను పోల్చుకొనుటలో వారికి అనుభవమెక్కువ.

పుస్తకముల ధర గూడ తక్కువ. ఐదు గీతల స్వరలిపి యచ్చువేయుటకు ప్రత్యేకమైన పనితనము కావలెను. కర్వెను లిపికి సామాన్యపు అచ్చుటక్షరములును, చుక్కలును చాలును. గనిలో పనిచేయువాడును, మగ్గము ముందు కూర్చుండువాడును చిల్లరకాసుతో పాటల పత్రము కొనుక్కొనగలిగెను. ఓడలమీద ఈ పద్ధతి మడగాస్కరు, ఫిజీ, దక్షిణాఫ్రికాలకు వెళ్లెను. జొహానెస్‌బర్గు దగ్గఱ మిషను పాఠశాలలో ఉపాధ్యాయుడైన ఈనోక్ సొంటోంగా 1897లో తాను రచించిన పాటను వ్రాసికొన్నది ఈ అక్షరలిపిలోనే. ఆ పాట నేడు దక్షిణాఫ్రికా జాతీయగీతములో భాగమై యున్నది.

ఇంతవఱకు చదివిన సంగీతాభిమానులు "షడ్జమము ఎచటనైన నిలుచుననుట మనకు క్రొత్తయా?" అని యడుగుదురు. న్యాయమైన ప్రశ్న. కర్వెనుకు ఎన్నియో శతాబ్దుల ముందే మన సంగీతము ఈ సంగతిపై కట్టబడినది. తంబుర ఎవరి గొంతునకు తగినట్లు వారు శ్రుతి చేసికొందురు. మగవారు ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో పాడుదురు. స్త్రీలు ఐదు, ఐదున్నర శ్రుతిలో పాడుదురు. అందఱికిని 'స' యే. ఇక ప్రారంభపాఠముల సొగసు చెప్పనలవి కాదు. సరళీస్వరములను, జంటస్వరములను, అలంకారములను క్రమపఱచినవాడు పురందరదాసు (1484–1564) అని సంప్రదాయము చెప్పును. వానికి ఆధారమైన మాయామాళవగౌళ రాగమున ఒక రహస్యమున్నది. 'స రి గ మ' అను నాలుగు మెట్ల నడుమ ఎంతెంత యెడమున్నదో, 'ప ద ని స' అను నాలుగు మెట్ల నడుమను సరిగా అంతంత యెడమే యున్నది. క్రింది సగము గొంతున నిలిచినవానికి పై సగము చాలవఱకు వచ్చినట్లే. ఒకే బట్టను మడిచి కత్తిరించినపుడు రెండు చేతులును ఒకేసారి తెగినట్లు! క్రొత్తవాని శ్రమను సగము చేసిన ఈ యేర్పాటు ఎవరి బుద్ధిలో పుట్టినను ఆ బుద్ధికి నమస్కరింపవలసినదే.

మఱి ఇంతటి మార్గముండియు మన యూళ్లలో పెద్దవారు పాడ నేర్వకుండుటకు కారణమేమి? మార్గము గురువుగారి యింటిలో నుండెను. విద్యార్థి బాల్యముననే ఆ యింట చేరి, నీళ్లు తోడి, విస్తళ్లు కుట్టి, పన్నెండేండ్లు సేవచేసినగాని గీతములు దాటి వర్ణములకు, వర్ణములు దాటి కృతులకు రాడు. కులము, లింగము అను కట్టుబాట్లు వేఱు. రెండెకరముల సేద్యగాడు ముప్పదియైదవయేట అరుగు ముందు నిలిచి సరళి చెప్పుమన్న చెప్పువారెవరు? గురువులను తప్పుపట్టుట నా యుద్దేశము కాదు. ఆ యేర్పాటు లేనిచో త్యాగరాజాదుల విద్య మనకు దక్కెడిది కాదు. కాని దక్కిన విద్య కొందఱికే దక్కెను.

గురుకులపు గడప దాటి సంగీతము మొదట బయటికి వచ్చినది అచ్చుపుస్తకముల మూలమున. ఈ పనిలో తెలుగునకు ఎక్కువ పాలున్నది. 19వ శతాబ్ది ఉత్తరార్ధమున మదరాసులో తచ్చూరు సింగరాచార్యులు సోదరులు స్వరమంజరి, గాయకపారిజాతము, గాయకలోచనము మొదలగు పుస్తకములను తెలుగులో వరుసగా ప్రకటించిరి. గాయకపారిజాతము అచ్చుపడినది 1877లో. సరళి మొదలుకొని కృతులవఱకు స్వరసహితముగా చూపిన ఈ పుస్తకములు, గురువు దొరకనివానికి గురువు కాకపోయినను, వాకిలి తలుపు తట్టు ధైర్యము నిచ్చెను. పిమ్మట 1904లో, తమిళదేశమందలి ఎట్టయపురమున, ముత్తుస్వామి దీక్షితుల వంశీయులగు సుబ్బరామ దీక్షితులు 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని తెలుగులో వెలువరించిరి. గమకములకు గూడ గుర్తులు కల్పించి వ్రాసిన మహాగ్రంథమది. వంశమున దాచుకొనవలసిన సొత్తును ముదుసలితనమున లోకమునకు విప్పి పెట్టిన ఆ త్యాగమును తలచుకొనినపుడు గ్రంథాలయములు పెట్టుకొన్న మనమందఱము కృతజ్ఞులము కావలెను. పుస్తకమునకు హద్దున్నదనుటయు నిజమే. గమకము కంటికి చిక్కదు. స్వరములను అచ్చునుండి నేర్చి, గాలినుండి రాగమును పట్టుకొనవలెను.

ఆ గాలి పల్లెలలో ఎప్పుడును ఉన్నది. భజనయే పెద్దవారి సంగీత పాఠశాల. త్యాగరాజస్వామి (1767–1847) దివ్యనామ కీర్తనలను, ఉత్సవసంప్రదాయ కీర్తనలను నలుగురు కలసి పాడుటకై కూర్చిరి. దివ్యనామ కీర్తనలలో పెక్కింట చరణములన్నిటికిని వరుస ఒక్కటే. ఒక చరణము వచ్చినవానికి తక్కినవి మాటలు నేర్చిన చాలును. విద్వాంసుడైన వాగ్గేయకారుడు సామాన్యుని కొఱకు ఎట్లు వంగి వచ్చునో చూచుటకు ఇంతకంటె నిదర్శనమక్కఱలేదు. పురుషోత్తమ చౌదరి (1803–1890) వ్రాసిన క్రైస్తవ కీర్తనలు గూడ తెలుగు కీర్తనల బాణీలోనే సాగినందున, అక్షరము రాని పెద్దలు వానిని వినికిడితోనే పట్టుకొని పాడిరి.

విజయనగరమున 1919లో ఆదిభట్ల నారాయణదాసుగారి అధ్యక్షతన సంగీత కళాశాల నెలకొనుటయు, 1938లో మదరాసునందును 1948 డిసెంబరు 1న విజయవాడయందును రేడియో కేంద్రములు వెలయుటయు ఎల్లరెఱిగినవే. రేడియోను గూర్చి ఒక్క మాట చాలును: పంచాయతీ రేడియో క్రింద అరుగుపై కూర్చుండి తెల్లవారుజామున భక్తిరంజని విన్న తరమువారికి, తాము నేర్చుకొనుచున్నామని తెలియకయే చెవి కుదిరెను. గొంతు మాత్రము మూతబడియే యుండెను.

గొంతు సంగతి కొంత చెప్పవలెను. పుట్టుకతోనే స్వరభేదము తెలియనివారు కొందఱున్నమాట వాస్తవము. వారి సంఖ్య 1980 నాటి పరిశీలన యొకదానినిబట్టి నూటికి నలుగురు. 2017 నాటి పరిశీలననుబట్టి నూటికి ఇద్దఱికంటె తక్కువ. తక్కిన అపస్వరపువారిలో చాలమందికి చెవి సరిగానే యున్నది. విన్న యెత్తునకు గొంతును తీసికొనిపోవు అలవాటు లేదు, అంతియే. అలవాటు అభ్యాసమువలన వచ్చును. పెద్దవయసున ఊపిరి కొంత తగ్గును, పై స్థాయి కొంత బిగిసికొనును. సరియైన శ్రుతి యెన్నుకొన్నచో ఈ రెండును పెద్ద అడ్డంకులు కావు.

శ్రుతి యెన్నుకొనుట యను ఈ చిన్న సంగతియే నా విషయమున నలువదియేండ్ల ముడిని విప్పినది. మూడేండ్ల క్రిందట మా గ్రంథాలయపు వెనుక వసారాలో శుక్రవారము సాయంకాలములందు పెద్దవారికి సరళీస్వరములు చెప్పు ఏర్పాటు జరిగినది. చెప్పునామె మా చందాదారులలో ఒకరి కోడలు. వయసున నాకంటె చాల చిన్నది. మొదటి దినమున నన్ను పాడుమనలేదు. "బాబాయిగారూ, మీరు మామూలుగా నన్ను పిలవండి" అనినది. పిలిచితిని. ఆ పిలుపు గొంతు ఎచటనున్నదో హార్మోనియముపై వెదకి, ఒకటి శ్రుతిలో ఆపి, "మీ 'స' ఇక్కడుంది. భజనలో నాలుగులో పాడుతున్నారు, మీకెట్లా అందుతుంది?" అనినది. నేను నవ్వితిని గాని, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా భజనపెద్దగారిది పై స్థాయి గొంతు. ఆయన శ్రుతికి అందనివారమంతయు మాకు గొంతే లేదనుకొని కూర్చుంటిమి! అప్పుడే నేను కర్వెనును గూర్చి చదువనారంభించినది.

మొదట ముగ్గురము. నేడు పదునొకండుగురము, అందు నలుగురు స్త్రీలు, అందఱిలో పెద్దవారికి డెబ్బదిరెండేండ్లు. తంబుర కొను స్తోమత లేదు. చరవాణిలోనే తంబుర మ్రోగుచున్నది. వసారా ప్రక్క దారిన పోవు బడిపిల్లలు నిలిచి నవ్వుచుందురు. వారికి సోక్రటీసు కథ చెప్పితిని. నవ్వు మానలేదు గాని ఇద్దఱు లోపలికి వచ్చి కూర్చుండిరి. మూడవ కాలము మాలో చాలమందికి ఇంకను రాలేదు. రెండవ కాలమున జంటస్వరములు తడబడుచు సాగుచున్నవి.

గడచిన ధనుర్మాసమున, ఒక తెల్లవారుజామున, రామాలయపు మండపములో నేను గొంతెత్తితిని. పై షడ్జము దగ్గఱ అందక జారితిని. భజనపెద్దగారు తాళమాపక నావైపొకసారి చూచిరి. నా ప్రక్కవారిని గూడ చూచిరి. ఆ పాట ముగిసిన పిదప హార్మోనియము వాయించు కుఱ్ఱవానివైపు వంగి ఏమో చెప్పిరి. రెండవ పాట రెండు శ్రుతిలో మొదలైనది.